పేరు లేని వకాల్తా

అనిల్‌కుమార్ బీయస్సీ కెమిస్ట్రీ అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. అమీర్‌పేటలో మూడు నెలలు కంప్యూటర్ కోర్సు చేశాడో లేదో, సింగపూర్ రారమ్మని పిలిచింది. రెండు వేల సంవత్సరం అది. కీబోర్డు మీద నాలుగు వేళ్లు ఆడితే చాలు, వీసా చేతిలో పెట్టేవాళ్లు.

అతని తల్లి సత్యవాణి, ఇంట్లో పిల్లలకు నాయనమ్మ. ఆవిడ మాత్రం కాకినాడ కోర్టులో ఇరవై ఆరేళ్లు నల్లకోటు వేసుకున్న మనిషి. ఆవిడ లేచి నిలబడితే ఎదుటి పార్టీ ప్లీడర్లు మంచినీళ్లు తాగేవాళ్లట. ఈ మాట చెప్పేది కూడా ఆవిడే. సగానికి సగం తగ్గించుకున్నా కొంత నిజమే. కొడుకు వెంట సింగపూర్ వచ్చాక, టాంపినీస్ పేటలోని ఫ్లాట్‌లో వాదించడానికి ఆవిడకు కోడలు కల్పన ఒక్కతే మిగిలింది. కల్పనేమో ప్రతి కేసులోనూ నేరం ఒప్పేసుకునేది.

ఇక లాభం లేదని, ఇక్కడే ప్రాక్టీసు పెడతానంటూ నాయనమ్మ వెంకటసుబ్బయ్య అనే లాయరు ఆఫీసుకు వెళ్లింది. మూడు తరాల కిందట ఇక్కడికొచ్చిన కుటుంబం ఆయనది. తెలుగులో సగం తమిళమే, మాట చివర సింగపూరు వాళ్ల 'లా' ఒకటి.

"ముడియాదమ్మా, కుదరదు. మీ యూనివర్సిటీ ఇక్కడ గుర్తింపు ఉన్న లిస్టులో లేదు."

"పరీక్ష పెట్టండి, రాస్తాను."

"పరీక్షకు కూర్చోవాలన్నా లిస్టులో ఉండాలి లా! అందరినీ రానిస్తే మా పిల్లలేం తినాలి?"

నాయనమ్మ ఆయన అలమరాలోంచి శిక్షాస్మృతి లాగి తిరగేసింది.

"మూడు వందల రెండు హత్య. మూడు వందల డెబ్బై తొమ్మిది దొంగతనం. ఫోర్ ట్వంటీ ఇక్కడా మోసమేనా! నంబర్లతో సహా మా పుస్తకమే కదండీ. పుస్తకం ఓడెక్కి రావచ్చు గానీ, దాన్ని చదివినదాన్ని నేను రాకూడదా?"

ఆయనకు సిగ్గేమీ వెయ్యలేదు. ఒక ఫైలు ముందుకు తోశాడు. చీరల కొట్టు యజమాని మీద ఫోర్ ట్వంటీ కేసు.

"వాదన మీరు ఇంట్లో రాసివ్వండి. సంతకం నాది. మీ పేరు ఎక్కడా రాకూడదు."

ఒళ్లు మండింది. కానీ కేసు కాగితాల వాసన తగిలేసరికి మనసు ఆగలేదు, తీసుకుంది. నాలుగు రోజులు అన్నం మరిచిపోయింది, కల్పనను తిట్టడం కూడా మరిచిపోయింది.

విచారణ రోజున వెనక బెంచీలో కూర్చుంది. వెంకటసుబ్బయ్య ఆవిడ వాక్యాలనే గొంతు సవరించుకుని చదువుతున్నాడు. జడ్జి ఒక ప్రశ్న వేశాడు. ఆయన కాగితాలు వెతుకుతూ నీళ్లు నమిలాడు.

"తొమ్మిదో పేజీ!" నాయనమ్మ లేచి ఇంగ్లీషులో అరిచింది.

"మీరు లాయరా?" అన్నాడు జడ్జి.

"ఇరవై ఆరేళ్లు."

"ఇక్కడా?"

ఆవిడ కొంగు భుజం మీదికి లాక్కుంది. కూర్చుంది. తొమ్మిదో పేజీ మాత్రం పని చేసింది. కొట్టు యజమాని బయటపడ్డాడు. వరండాలో అందరూ వెంకటసుబ్బయ్య చెయ్యి పట్టుకుని ఊపారు.

"నా పరువు తీశారు. ఈసారి ఇంట్లోనే ఉండండి," అని ఆయన ఇంకో ఫైలు ఇచ్చాడు.

"దీని మీదైనా నా పేరు ఉంటుందా?"

"ముడియాదని చెప్పాను కదా!"

ఇంటికొచ్చి ఫైలు తెరిచిన పది నిమిషాల్లోనే కీలకం దొరికింది. పెన్ను మూత తీసింది. చాలాసేపు చూసి, మళ్లీ మూత పెట్టింది. మర్నాడు ఒక్క అక్షరం రాయకుండా ఫైలు ఆయన బల్ల మీద పడేసి వచ్చింది.

తిరుగు రైల్లో మాత్రం ఆ కేసు మొత్తం వాదించింది. పెదవులు కదులుతున్నాయి, చూపుడువేలు గాల్లోకి లేస్తోంది. పక్కసీటు చైనా ముసలావిడ కాసేపు చూసి, కూరల సంచీ ఎత్తుకుని దూరంగా వెళ్లి కూర్చుంది.