గోడలో ఉప్పు

ఆరేళ్లుగా ఒక మాట గుండె మీద బరువుగా ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఆ రోజు బాపట్లలో, ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురం: రేపల్లెలో ఎండుచేపలు అమ్మే మా మేనత్త, ఇల్లు అమ్మజూపిన పెద్దాయన, నేను. వస్తువులు: టేపు, చిన్న సుత్తి, టార్చిలైటు, నా నోటుబుక్కు. ఆ పుస్తకం మొదటి పేజీలో 'కొనకూడని ఇళ్లు' అని రాసుకున్నాను. చెరువు పూడ్చి కట్టినవి. రోడ్డు కన్నా పల్లంలో ఉన్నవి. పక్కింటి గోడనే తమ గోడగా వాడుకున్నవి. సముద్రపు ఇసుకతో కట్టినవి. తెనాలిలో ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగు నెలలు. మావాళ్లలో ఇంజినీరింగు చదివిన మొదటివాణ్ణి. ఆ పేజీ అంటే నాకు గర్వం.

అత్త జాబితాలో ఉన్నది ఒక్కటే: వీధిపోటు. ఎదురుగా వచ్చే వీధి తిన్నగా గుమ్మంలోకి పొడుచుకొచ్చే ఇల్లు కొనకూడదు. ఇది సరిగ్గా అలాంటిదే. 'చేపల వాసన' అని మూతి తిప్పే ఇంటివాళ్ల దగ్గర ముప్పై ఏళ్లు అద్దెకున్న మనిషి, సొంత గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. నేను అరగంట వాదించాను. వీధికి కత్తులుండవన్నాను. గాలి బాగా వస్తుందన్నాను. చివరికి అత్త కుడికాలు లోపల పెట్టింది. గెలిచాను.

నేను మెట్ల కింద సుత్తితో తట్టింది ఆ తర్వాతే. పెచ్చు ఊడింది. లోపల గవ్వల ముక్కలు. పెచ్చును నాలుకకు తాకించాను. ఉప్పు. సముద్రపు ఇసుకే.

"ఏంట్రా అల్లుడూ, గోడ నాకుతున్నావు? పొద్దున టిఫిన్ చెయ్యలేదా?"

"దుమ్మత్తా. ఏం లేదు."

"ఉంటే చెప్పు. నువ్వు చూశాక కూడా మోసపోయానంటే బజార్లో నవ్వుతారు."

"ఇంజినీరుగారే చూశారు కదండీ, ఇంకేంటండీ అనుమానం?" అన్నాడు పెద్దాయన.

ఎండుచేప చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని దానికి ఎన్నాళ్ల కిందట ఉప్పు పట్టించారో చెప్పగలదు మా అత్త. ఆ పెచ్చు ఆమె చేతికిస్తే చాలు. జేబులో వేసుకున్నాను.

ఎందుకు? ఉప్పు గోడ పైపూతకే పరిమితమేమో, స్లాబు బాగానే ఉందేమో అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. అసలు కారణం ఇంకా చిన్నది. అప్పుడు నోరు విప్పి ఉంటే, "చూశావా, వీధిపోటు ఇల్లని నేను చెప్పలా?" అని అత్త అనేది. ఆ ఒక్క మాట పడలేక, అరగంట కిందటి గెలుపు పోగొట్టుకోలేక, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషిని ఉప్పు స్లాబు కింద పడుకోబెట్టాను. ఇంత చిన్నదానికా? అవును, ఇంత చిన్నదానికే.

ఇల్లు కొన్న మూడో ఏడు వానల్లో స్లాబు కింద పెచ్చులు ఊడాయి. వీధిపోటు వల్లేనని అత్త నిశ్చయించుకుంది. వీధికెదురుగా గోడలో వినాయకుడి బొమ్మ పెట్టించింది. పైగా నన్నే ఓదార్చింది. "నీ తప్పేం లేదురా. ఇలాంటివి మీ చదువుల్లో ఉండవుగా" అంది. ఆ రోజు పీతల కూర వండింది. తిన్నాను.

అప్పటినుంచి నెలకోసారి సిమెంటు సంచితో వెళ్లి అతుకులు వేస్తున్నాను. "ఇట్టాంటి మేనల్లుడు ఎవరికుంటాడమ్మా" అని పక్కింటివాళ్లతో చెప్పుకుంటుంది. వెళ్లినప్పుడల్లా ఏదో సాకు చెప్పి ఆమె మంచం వరండాలోకి జరుపుతాను. నేను రైలెక్కేలోపు ఫ్యాను కిందికి లాక్కుంటుంది.

ఉప్పుకు లోపల ఇనుము తుప్పుపడితే పైన వేసే సిమెంటు అతుకు నిలవదు. ఇది మా చదువుల్లో ఉంది.

రేపు ఆదివారం. స్లాబు కింద నిలబెట్టడానికి ఇనప జాకీలు మాట్లాడాను. అవెందుకని అత్త అడుగుతుంది. ఈసారి ఉప్పు అని చెబుతాను. తిడుతుందో, తలుపేసుకుంటుందో తెలియదు. క్షమించమని అడిగే ధైర్యం నాకు లేదు. కానీ ఆ మాట కాగితం మీద పెట్టాక, ఇన్నేళ్లలో మొదటిసారి ఆ స్లాబు కొలతలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోగలిగాను.

ఆమె మంచానికి సరిగ్గా పైన, స్లాబులోంచి బయటపడ్డ ఊచలు ఏడు.