ఏడాది సూతకంలో గోవా

మా మామగారు పోయిన ఏడో నెలలో మేము గోవాకు వెళ్ళాము. ఈ రెండు విషయాలు ఒకే వాక్యంలో ఇమడవని నాకు అప్పుడే తెలుసు. కాని మా మరిది ఎవరినీ అడగకుండానే మినీబస్సు మాట్లాడి వచ్చాడు.

"బాపు పోయినకాంచి ఇంట్ల ఒకరి మొకం ఒకరం సూసుకుంట కూసుంటున్నం వదినా. నాలుగు దినాలు అందరం కలిసి పోయొస్తె పానం జెర నిమ్మలమైతది" అన్నాడు.

అతని మాటలో అబద్ధం లేదు. పిల్లలకు డిసెంబరు సెలవులు దగ్గరపడుతున్నాయి. అతని భార్య, అంటే నా తోడికోడలు, గోవాలో చూడవలసిన స్థలాలన్నీ అప్పటికే ఫోనులో వరుసగా పెట్టుకుని ఉంది. గుళ్ళు, పాత చర్చిలు, కోట, నది మీద పడవ, చివరి రోజు సాయంత్రం సముద్రం.

నాకు అప్పటికి నలభై తొమ్మిదేళ్ళు. సముద్రం చూడలేదు. పుట్టింది ములుగు పక్క పల్లెలో, కాపురమూ ఉద్యోగమూ సిద్దిపేటలో. నేను చూసిన నీళ్ళన్నిటిలో పెద్దవి రంగనాయక సాగర్ నీళ్ళు. పేరులో సాగరం ఉన్నా అవతలి గట్టు కళ్ళకు కనబడుతూనే ఉంటుంది. అవతలి గట్టు లేని నీళ్ళలో ఒకసారి మోకాళ్ళ దాకా దిగి నిలబడాలన్నది నా కోరిక. అంతకు మించి గోవాలో నాకు కావలసిందేమీ లేదు. ఆ మాట మా ఆయనతోనూ, తోడికోడలితోనూ ముందే చెప్పాను.

మా ఆయన మేనత్త బెజ్జంకిలో ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి. నేను వరుసకు పెద్దమ్మ అంటాను. మా అత్తగారు ఎన్నడో పోయారు కనుక మా ఇంటి ఆచారాల విషయంలో ఆమెదే చివరి మాట. తమ్ముడు పోయిన దుఃఖంలో ఉన్న మనిషిని వదిలి వెళ్ళడం బాగుండదని మరిది ఆమెను కూడా పిలిచాడు. ఆమె వచ్చింది. బస్సు ఎక్కకముందే, మా గేటు దగ్గర నిలబడి తీర్పు చెప్పింది.

"కొరివి వెట్టినోడు ఏడాది ఎల్లేదాక గుడి మెట్లెక్కొద్దు, సముద్రం ముట్టొద్దు. ఆయన ఇల్లాలికి గూడ అంతే."

కొరివి పెట్టింది మా ఆయన. పెద్ద కొడుకు కనుక.

"మరి చిన్న కొడుకుకు లేదా పెద్దమ్మా? ఇద్దరు ఒక్క తండ్రి పిల్లలే గద" అన్నాను.

"కుండ వట్టుకొని తిరిగిందెవరు?"

"ఈయననే."

"మరింకేంది. మిగతోళ్ళకు పెద్దకర్మతోటే ఎల్లిపోయింది."

నేను పక్కకు వెళ్ళి మా పురోహితుడికి ఫోను చేశాను. నాకు ఏ విషయమైనా నిర్ధారణ చేసుకోనిదే మనసు ఊరుకోదు. ఆయన శాంతంగా విని, "ఒక్కో ఇంట్ల ఒక్కో తీరమ్మా. మీ పెద్దోళ్ళనడుగుండ్రి, వాళ్ళెట్లంటె అట్ల" అన్నాడు. మా పెద్దవాళ్ళు అంటే గేటు దగ్గర కర్ర ఆనించుకుని నిలబడిన ఆ ఒక్క మనిషే.

జహీరాబాదు, కలబురగి, విజయపుర, బెళగావి దాటి ఘాటు దిగేసరికి ఒక పగలూ ఒక రాత్రీ గడిచిపోయాయి. అది ఏసీ బస్సు, అద్దాలు తెరుచుకోవు. మొదట ఆగింది ఒక శివాలయం దగ్గర. అందరూ దిగుతూ తమ ఫోన్లు, చేతిసంచులు, పర్సులు మా ఇద్దరి ఒళ్ళో పెట్టారు. చెప్పులు బస్సు మెట్ల దగ్గర విడిచారు. "అక్కా, జెర సూడు" అని తోడికోడలు, "పెద్దమ్మా, నా బ్యాగు" అని నాతో ఆమె కూతురు. అందరూ వెళ్ళిపోయాక డ్రైవరు ఇంజిను ఆపాడు. ఏసీ ఆగింది. అద్దంలో నుంచి గుడి ముందరి తెల్లని దీపస్తంభం పై అంతస్తు మాత్రం కనిపించింది. కింది భాగాన్ని కొబ్బరికాయల దుకాణం మూసేసింది.

డ్రైవరు మా ఊరివాడే, సాయిబు. వెనక్కి తిరిగి, "ఏందమ్మా, మీరు పోరా?" అని అడిగాడు. కారణం చెప్పాను.

"మంచిదే తియ్యి. నేనూ పోను, మీరూ పోరు. బస్సుకు ముగ్గురం కావలి" అని నవ్వాడు.

మా ఆయన కూడా నవ్వి, సీటు వెనక్కి వంచుకుని, ముఖం మీద తువ్వాలు కప్పుకున్నాడు. ఆ రోజు మూడు గుళ్ళు. మూడు చోట్లా అదే సామాను, అదే వేడి, అదే తువ్వాలు. తిరిగి వచ్చినవాళ్ళు ప్రసాదం తింటూ ఎక్కేవారు. మాకు పెట్టవచ్చునా లేదా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా అందరూ పెద్దమ్మ వైపు చూసేవారు. మొదటి గుడి ప్రసాదం వద్దంది. రెండోదానికి, "పండైతె తినొచ్చు" అంది. మూడోచోట ఆమె నిద్రపోయింది. అయినా ఎవరూ పెట్టలేదు.

మరునాడు పాత గోవా. రోడ్డు పక్కన సున్నం లేని ఎర్రరాతి చర్చి. దానికి ఈ నియమం వర్తిస్తుందా లేదా అన్నది కొత్త ప్రశ్న. "అది గూడ గుడే గద, వాళ్ళ గుడి" అని పెద్దమ్మ ఆలోచనలో ఉండగా తోడికోడలు ఫోను చూసి, లోపల ఒక ఫాదరు దేహం వెండి పెట్టెలో వందల ఏళ్ళుగా ఉందని చదివింది. పెద్దమ్మ ముఖం మారిపోయింది.

"శవమా?"

"శవమంటె గట్ల కాదత్తమ్మా, పవిత్రమైన..." అన్నాడు మరిది.

"పానం లేనిది శవం గాకపోతె ఏమైతదిరా? పిల్లలను దింపకుండ్రి. ముట్టుడైతది. ఎవ్వలు పోవద్దు." మా వైపు తిరిగింది. "మీరిద్దరు పోవచ్చు. మీకెట్లన్న ఉండనే ఉన్నదాయె."

బస్సు మొత్తం నవ్వింది. ఆమె నవ్వలేదు, హాస్యానికి అన్న మాట కాదు అది. అలా గోవాలో మేమిద్దరమే చూసిన ఒకే ఒక స్థలం ఆ చర్చి. మొదటిసారి సామాను మా ఒళ్ళో లేదు. లోపల చల్లగా ఉంది, జనం గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. పెట్టె చాలా ఎత్తున ఉంది. తల ఎత్తి చూస్తే వెండి పనితనం తప్ప మరేమీ కనబడదు. నాకు ఇంకొంచెం సేపు నిలబడాలనిపించింది. మా ఆయన నా మోచేతిని తట్టి, "అయిపాయెనా? పోదామా?" అన్నాడు. బయటికి వచ్చాక పెద్దమ్మ మా మీద బాటిల్ నీళ్ళు చిలకరించి గాని బస్సు ఎక్కనివ్వలేదు.

కోట విషయంలో ఇబ్బంది రాలేదు. కోటలో దేవుడు లేడు. గోడ మీదికి ఎక్కి నిలబడితే కింద సముద్రం. అదే నేను మొదటిసారి చూడడం. నీలంగా ఉంటుందనుకున్నాను, మధ్యాహ్నపు ఎండలో తెల్లగా, చూడలేనంతగా మెరుస్తూ ఉంది. అవతలి గట్టు నిజంగానే లేదు. పెద్దమ్మ నా పక్కకు వచ్చి నిలబడి, నేను అడగకముందే చెప్పింది: "సూసుడు వేరు, ముట్టుడు వేరు."

ఆ సాయంత్రం నదిలో పడవ విహారం. పడవలో పాటలు, ఆటలు ఉంటాయట. మేమిద్దరం అదీ ఎక్కడానికి పెద్దమ్మ ఒప్పుకోలేదు. నది సముద్రంలో కలిసే చోటు కనుక అది సగం సముద్రమేనంది.

"మరి పొద్దుగాల గదే నది బ్రిడ్జి మీదకెల్లి దాటినం గదా అత్తమ్మా" అన్నాడు మరిది.

"బ్రిడ్జికి నీళ్ళు ఎంత కిందున్నయో సూసినవా? పడవకు అంత సందున్నదా?"

అందరూ పడవ ఎక్కారు, ఆమె కూడా. మేము గట్టు మీద సిమెంటు బల్ల మీద సంచుల మధ్య కూర్చున్నాము. పడవ దీపాలు వెలిగించుకుని కదిలింది. అప్పుడు మా ఆయనతో అన్నాను, రేపు సముద్రం దగ్గర మీ మేనత్తకు మీరే ఒక మాట చెప్పండి, నేను ఎన్నిసార్లు అడిగినా నా మాట కోడలి మాటే అవుతుంది అని.

ఆయన పల్లీల పొట్లం విప్పి నాకు సగం పోశాడు.

"నిజం చెప్పనా? నాకైతె ఈ ఏడాది సుకంగున్నది. లగ్గాలు లేవు, పేరంటాలు లేవు. కొమురవెల్లి జాతరకు రమ్మనెటోడు లేడు. ఎవ్వలు పిలిచినా సూతకమంటె అయిపాయె. రిటైరైనట్టే ఉన్నది."

"నేను?"

"నీకేమైంది? నాతోటే ఉన్నవు గద."

ఆయన మంచి మనిషి. ఇరవై ఆరేళ్ళలో నా మీద గొంతు పెంచింది లేదు. ఆ నది గట్టు మీద ఆయన పల్లీలు నములుతూ ఎంత హాయిగా ఉన్నాడో చూశాను. అప్పటి దాకా నన్ను ఆపుతున్నది పెద్దమ్మ అనుకున్నాను. ఆమెతో వాదించడానికి చోటుంది. ఆమె మాటకు కారణాలుంటాయి, కారణాలకు ఎదురు ప్రశ్నలుంటాయి. హాయిగా ఉన్న మనిషితో ఏం వాదించగలం?

చివరి రోజు సాయంత్రం కలంగుట్ బీచికి చేరాము. బస్సు నిలిపిన చోటు నుంచి నీళ్ళు కనబడతాయి; మధ్యలో ఇసుక. పిల్లలు అద్దాలకు ముఖాలు ఆనించి ఉన్నారు, తలుపు తీయగానే పరుగెత్తారు. సంచులు మళ్ళీ మా దగ్గరికి వచ్చాయి. పెద్దమ్మ మోకాళ్ళు ఇసుకలో నిలవవు కనుక మాతోనే ఉండిపోయింది. బస్సు నీడలో ఆమెకు మడత కుర్చీ వేశాము. నేను కూర్చోలేదు. నా చూపు ఎటు ఉందో ఆమె గమనిస్తూనే ఉంది.

కొంతసేపటికి, "నీకు గంత ముచ్చటున్నదా బిడ్డా?" అంది.

"ఉన్నది పెద్దమ్మా."

ఆమె నిజంగా ఆలోచించింది. నా కోసమే ఆలోచించింది, అది అనుమానించలేను. తరువాత మరిదికి ఫోను కలపమని, "ఒక బాటిల్ల సముద్రం నీళ్ళు వట్టి పంపు" అని చెప్పింది. నీళ్ళ దగ్గరికి మేము వెళ్ళకూడదు గాని, నీళ్ళే మా దగ్గరికి వస్తే తప్పు లేదట. వేరేవాళ్ళు తెచ్చి పాదాల మీద పోస్తే ముట్టినట్టు కాదట.

తోడికోడలు తడిసిన చీరతో, రొప్పుతూ, లీటరు బాటిలుతో వచ్చింది. అడుగున వేలెడు ఇసుక దిగి ఉంది. మా ఆయన ముందుగా వెళ్ళి ప్యాంటు పైకి లాక్కున్నాడు. ఆమె పోసింది. "మంచిగున్నయి" అని ఆయన పాదంతో పాదం రుద్దుకున్నాడు, కాళ్ళు కడుక్కుని ఇంట్లోకి రాబోతున్నట్టు.

"రా అక్కా" అంది. బాటిల్లో సగం మిగిలింది.

బస్సు చక్రం పక్కన మట్టి నల్లగా తడిసింది. దాని మీద నేను కుచ్చిళ్ళు ఎత్తి నిలబడితే సరిపోతుంది. అందరికీ సరిపోతుంది. ఇక జీవితంలో ఎప్పుడు ఆ మాట ఎత్తినా, నీ ముచ్చట గోవాలోనే తీరింది కదా అంటారు. అది ఎంత స్పష్టంగా వినిపించిందంటే, అడుగు వెనక్కి వేశాను.

"వద్దు" అన్నాను.

"ఏమైంది?"

"నేను నడిచిపోయి ముట్టుకుంట."

పెద్దమ్మ కర్ర నేలకు ఆనించింది. "ఇంకైదు నెలలు ఆగలేవా?"

"ఇంకైదు నెలలకు నన్ను ఈడికి ఎవరు తెస్తరు పెద్దమ్మా?"

ఆమె మా ఆయన వైపు చూసింది. నేనూ చూశాను. ఆయన ప్యాంటు కిందికి దించుకుంటూ, "ఎందుకే లొల్లి. పోసుకోరాదె" అన్నాడు. నా భుజాన ఉన్న సంచులన్నీ తీసి ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన పట్టుకున్నాడు, పట్టుకోకుండా ఉండడం ఆయనకు రాదు.

ఇసుకలో నడక అంత కష్టమని తెలియదు. ఇసుక పాదాన్ని వెనక్కి లాగుతూ ఉంటుంది. తడి ఇసుక మొదలైన చోట ఆగాను. అల వచ్చి తనంతట తాను తాకితే నా తప్పు ఉండదన్న ఆలోచన వచ్చిందని రాయడానికి సిగ్గుపడను. నిలబడి చూశాను. ఒక్క అల కూడా నా దాకా రాలేదు. అది ఆటు సమయం. ఒక్కొక్క అల ముందరిదాని కన్నా తక్కువ దూరం వచ్చి వెనుదిరుగుతున్నది. ఇంకాసేపు అక్కడే ఉంటే మా మధ్య దూరం పెరుగుతుందే తప్ప తరగదు. కనుక నేనే వెళ్ళాను. చీలమండలు దాటాయి, పిక్కలు దాటాయి. మోకాళ్ళ దగ్గర ఆగాను. కాళ్ళ కింది ఇసుక కదిలిపోతుంటే పడిపోతానేమోనని ఎవరి చెయ్యి కోసమో పక్కకు చెయ్యి చాచాను. పక్కన ఎవరూ లేరు. కొంచెం వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని, అలాగే నిలబడ్డాను. సూర్యుడు దిగిపోయే దాకా ఉన్నాను. ఎవరూ పిలవలేదు.

తిరుగు ప్రయాణంలో నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ నా పక్కన కూర్చోలేదు కూడా. తడి చీరతో నేను సగం సీటు పాడుచేశానని తోడికోడలు పిల్లలకు కారణం చెప్పింది. మరునాడు విజయపుర దాటాక టీకి ఆగినప్పుడు అందరూ దిగారు. పెద్దమ్మ మోకాళ్ళ వల్ల దిగలేదు, నేను దిగాలనుకోలేదు. ఆమె అద్దం వైపే చూస్తూ ఉంది.

"నీళ్ళు సల్లగుండెనా?" అంది, నా వైపు తిరగకుండానే.

"లేదు పెద్దమ్మా. ఎచ్చగున్నయి."

"ఎచ్చగనా?"

"చెయ్యి కడుక్కునే నీళ్ళ తీరు."

ఆమె తల ఊపింది. కొంగు సర్దుకుంది. "ఇంటికి పోయినంక తలకు పోసుకో" అంది.

పోసుకున్నాను. ఏడాది తీరింది. కొమురవెల్లికి వెళ్ళాము, లగ్గాలకు వెళుతున్నాము. సూతకం పోయిందని మా ఆయన ఒక్కొక్కసారి విచారిస్తాడు. నీళ్ళు ఎలా ఉన్నాయని మాత్రం ఆయన నన్ను ఇంతవరకు అడగలేదు.