శ్రమదినాల్లో ఆకుపచ్చ పండగ

అమ్మను కొట్టబోయే ముందు మా నాన్న చేతి వాచీ విప్పి ఫ్రిజ్ మీద పెట్టేవాడు. తర్వాత హాల్లో టీవీ సౌండ్ పెంచేవాడు. ఈ రెండు పనులూ అయ్యేలోగా నేను నా గదిలోకి వెళ్ళి పుస్తకం తెరిచేదాన్ని. ఊరికే తెరవడం కాదు, చదివేదాన్ని. అమ్మ తల గోడకు తగిలిన చప్పుడు వినిపిస్తున్నా వాక్యాన్ని చివరిదాకా చదివి తర్వాతి వాక్యంలోకి వెళ్ళడం నాకు పదేళ్ళకే అలవాటైపోయింది. నిద్రపోయే ముందు డైరీలో తారీఖు వేసి ఒకే ఒక్క మాట రాసేదాన్ని. చెవి. మోచెయ్యి. మళ్ళీ చెవి.

మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలో ఉండేవాళ్ళం. నాన్న దగ్గర్లోనే ఒక కార్ల వర్క్‌షాపులో సూపర్‌వైజర్. అమ్మ హాస్పిటల్లో నర్సు. నేను ఒక స్కూలు లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు అంటించే ఉద్యోగంలో చేరి ఏడాదైంది. మాది గోదావరి జిల్లా, తాతల కాలం నుంచి క్రైస్తవులం. శుక్రవారం సాయంత్రం మా హాల్లో ప్రార్థన కూడిక జరిగేది. నాన్న బైబిలు వాక్యం చెప్తుంటే పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. అమ్మ వాళ్ళకు టీ ఇచ్చేది, ఎండాకాలంలో కూడా నిండు చేతుల జాకెట్టుతో.

ఒక్క కట్టుబాటు మాత్రం ఆయన ఎప్పుడూ తప్పలేదు. పరాయివాళ్ళు ఇంట్లో ఉంటే చెయ్యెత్తేవాడు కాదు. మా ఆశంతా ఆ కట్టుబాటు మీదే పెట్టుకున్నాం.

అమ్మకు ఐర్లాండులో ఒక హాస్పిటల్లో ఉద్యోగం వచ్చింది. రెండేళ్ళ పాటు డ్యూటీ మధ్యలో, బస్సులో, బాత్‌రూములో కూర్చుని ఇంగ్లీషు పరీక్షకు చదివింది. చదివించింది మస్కట్‌లో అమ్మ పనిచేసే హాస్పిటల్లోనే నర్సులకు ట్రైనింగ్ ఇచ్చే ఐరిష్ ఆవిడ. అరవైకి దగ్గరపడిన మనిషి, ఒంటరిగా ఉండేది. మేం మేడమ్ అనేవాళ్ళం. వీసా అంటించిన పాస్‌పోర్టు వచ్చాక అమ్మ దాన్ని నాకిచ్చింది. నేను దాన్ని, వీసా వచ్చిన నా పాస్‌పోర్టునూ నా పుస్తకాల వెనక దాచాను. విమానానికి ఇంకా రెండు వారాల పైనే ఉంది. నాన్నకు ఏమీ తెలియదు.

"చెప్పకుండా వెళ్ళిపోతే?" అన్నాను.

"దొంగలా పోనే. ఇన్నేళ్ళు కాపురం చేశాను, మొహం మీద చెప్పి పోతా," అంది అమ్మ. "పదిహేడో తారీఖు మేడమ్ వాళ్ళ పండగంట. సెయింట్ పాట్రిక్స్ డే. ఆవిణ్ణి మనింటికి పిలుద్దాం. ఆవిడ చేత్తోనే వంట చేయిద్దాం. మీ నాన్న వచ్చాక ఆవిడ ముందు చెప్పేస్తా. తెల్లావిడ ముందు నోరెత్తుతాడా?"

"ఆవిడ వెళ్ళిపోయాక?"

"ఆవిడతో పాటే మనమూ పోతాం. రెండు బ్యాగులు సర్దు. విమానం దాకా వాళ్ళింట్లోనే."

"అమ్మా, శ్రమదినాలు కదా."

బూడిద బుధవారం నుంచి ఈస్టర్ దాకా ఆ నలభై రోజులూ మా ఇళ్ళలో పెళ్ళిళ్ళుండవు, పువ్వులు పెట్టుకోరు, మాంసం వండరు. నాన్న ఒంటిపూట భోజనం చేసేవాడు. ఆకలితో ఉంటాడు కాబట్టి ఆ రోజుల్లో దెబ్బలు ఎక్కువ. కొట్టాక మోకాళ్ళ మీద కూర్చుని, "శ్రమదినాల్లో నన్ను పాపంలో పడేస్తున్నావే," అని అమ్మనే తిట్టేవాడు.

"మేడమ్‌ని అడిగాలే. ఆ ఒక్కరోజు వాళ్ళకు ఉపవాసం ఉండదంట, ఫాదర్లే సెలవిచ్చేస్తారంట."

"మనకెవరిచ్చారు?"

"వాళ్ళ దేశం వెళ్తన్నాం కదే, ఇప్పట్నుంచే అలవాటు చేసుకుందాం," అని అమ్మ నవ్వింది. అమ్మ నవ్వితే కింది పెదవి ఎడమవైపు కదిలేది కాదు. అక్కడ మూడు కుట్లు.

ఆ మాట దగ్గరే నేను గట్టిగా అడ్డుపడాల్సింది. ఇంటికి ఎవరొచ్చినా సరే, శ్రమదినాల్లో ఆ హాల్లో మాంసం కూర పెట్టడమంటే నాన్న దృష్టిలో ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. తెలిసీ, తెల్లావిడ ఉందన్న ధైర్యంతో పెట్టాం.

ఆ రోజు మేడమ్ మూడింటికే వచ్చింది. రంజాన్ నెల కూడా కావడంతో మా బిల్డింగ్‌లో మెట్ల మీద అలికిడే లేదు. కొత్తవాళ్ళు వస్తే నేను వంటింట్లోంచి బయటికి రాను. ఆవిడే వంటింట్లోకి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. వాళ్ళ పండగకు ఆకుపచ్చ ఆకులు కడతారని నేను చార్టు కాగితంతో కత్తిరించి పెట్టినవాటిని చూసి పకపకా నవ్వింది. ఒక్కోదానికి నాలుగు రెక్కలు పెట్టాను. లైబ్రరీలో ఒక పిల్లల పుస్తకంలో అలాగే చూశాను.

"నాలుగు రెక్కలది అదృష్టానికమ్మా. మా సెయింటుది మూడు రెక్కలది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ," అని ఆవిడ ఇంగ్లీషులో చెప్పి, కత్తెర తీసుకుని ఒక్కో ఆకుకు ఒక్కో రెక్క కత్తిరించి పారేసింది. వాటిని దారానికి గుచ్చి కిటికీ మీద, ఫ్రిజ్ మీద, గోడకున్న వాక్యం ఫ్రేము చుట్టూ కట్టాం. శ్రమదినాలకని అమ్మ వేలాడదీసిన ఊదారంగు గుడ్డ వాటి కింద సగం కప్పబడిపోయింది.

వంట ఆవిడ చెప్తుంటే అమ్మ చేసింది. మేకమాంసం, బంగాళాదుంపలు, క్యారెట్లు, ఉల్లిపాయలు, మిరియాలు. మసాలా వద్దంది మేడమ్. ఆవిడ అటు తిరగగానే అమ్మ అల్లం వెల్లుల్లి ఒక చెంచా, పచ్చిమిరపకాయలు నాలుగు వేసేసింది. రుచి చూసి మేడమ్ ఒక్క క్షణం ఆగి, "మా అమ్మ వంటకంటే బాగుంది, ఆమెకు మాత్రం చెప్పకు, సమాధిలోంచి లేచొస్తుంది," అంది. రొట్టెకు ఈస్ట్ అక్కర్లేదట. పిండిలో వంటసోడా, ఉప్పు, ఒక సీసా లబన్ మజ్జిగ పోసి ముద్ద చేసి, పైన కత్తితో సిలువ గీసి ఓవెన్లో పెట్టాం. సిలువ ఎందుకని అడిగాను. అది నేను ఆవిణ్ణి అడిగిన మొదటి ప్రశ్న. ఇంట్లో దయ్యముంటే ఆ చీలికలోంచి బయటికి పోవడానికట.

నాన్న ఐదున్నరకు వచ్చాడు. గుమ్మంలో ఆగి ముందు వాసన చూశాడు. తర్వాత ఆకుల్ని చూశాడు. మేడమ్ కనిపించగానే మొహమంతా నవ్వు చేసుకుని చేతులు జోడించాడు.

"వెల్‌కమ్ మేడమ్, వెల్‌కమ్. సిట్, సిట్."

మేడమ్ కూర్చుంది. నాన్న అదే నవ్వుతో, అదే గొంతుతో అమ్మవైపు తిరిగి తెలుగులో అన్నాడు: "ఏమే ముండా, శ్రమదినాల్లో మాంసం వండావా? నవ్వు, నవ్వు. ఆవిడ చూస్తంది. ఈవిడ మెట్లు దిగనీ, నీ పళ్ళు ఏరుకుందువుగాని."

ఆయన ఏదో మర్యాదగా అంటున్నాడనుకుని మేడమ్ తలూపింది. అమ్మ నిజంగానే నవ్వింది. నేను వంటింటి గుమ్మంలో కర్టెన్ పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు అమ్మ చెప్పింది. ఇంగ్లీషులో, పరీక్షకు నేర్చుకున్నంత శుభ్రంగా. నాకు ఐర్లాండులో ఉద్యోగం వచ్చింది, ఇరవై తొమ్మిదిన బయల్దేరుతున్నాను, ఈ రాత్రే ఇల్లు వదిలి వెళ్తున్నాను, అమ్మాయి కూడా నాతో వస్తుంది. చెప్పి పాస్‌పోర్టు తెరిచి, వీసా ఉన్న పేజీ ఆయన ముందు పెట్టింది. ఎందుకు పెట్టావని తర్వాత అడిగితే, "నమ్మడని," అంది.

నాన్న ఆ పేజీని వేలితో రుద్ది చూశాడు. "కంగ్రాచులేషన్స్," అన్నాడు. మేడమ్ చప్పట్లు కొట్టింది. ఆయన పాస్‌పోర్టు పట్టుకుని లేచి నా పక్కనుంచే వంటింట్లోకి నడిచాడు. వాచీ చేతికే ఉంది. మంచినీళ్ళకు వెళ్తున్నాడనుకున్నాను.

పొయ్యి మీద కూర సన్నగా ఉడుకుతోంది. ముంజేత్తో ఆ గిన్నెను తోసేశాడు. గిన్నె నేలకు కొట్టుకుని పొర్లింది. ఉడుకు పులుసు నా పాదాల మీద పడింది. మంట పెంచి, పాస్‌పోర్టును మధ్యకు తెరిచి బర్నర్ మీద పెట్టాడు. అట్ట ముందు ఉబ్బింది, తర్వాత ప్లాస్టిక్ వాసన వేసింది. అమ్మ పరిగెత్తుకొచ్చి మంటలో చెయ్యి పెట్టింది. నాన్న ఆ మణికట్టు పట్టుకుని, బిగిసిన బోల్టు విప్పినట్టు తిప్పాడు. ఎముక చప్పుడు చేసింది. అంత చిన్న చప్పుడు అంత స్పష్టంగా వినిపిస్తుందని నాకు తెలియదు. అమ్మ ఎడమ చేత్తో పాస్‌పోర్టును లాగి తన పొట్ట కింద వేసుకుని పులుసులో బోర్లా పడింది. ఆయన వీపు మీద తన్నాడు. మళ్ళీ తన్నాడు. "ఐర్లాండా? ఐర్లాండు పోతావే? ఎవడున్నాడే అక్కడ?"

మేడమ్ వెనకనుంచి ఆయన చొక్కా పట్టుకుంది. మోచేత్తో ఒక్కటిచ్చాడు. ఆవిడ నోరు రక్తమైంది. ఆయన కట్టుబాటు అక్కడితో తెగిపోయింది. ఇక ఆయన్ను ఆపేది ఏదీ మా ఇంట్లో మిగల్లేదు.

ఓవెన్లోంచి తీసిన రొట్టె ఇనప ట్రేతో సహా గట్టు మీద ఉంది. నేను ట్రేను రెండు చేతులా ఎత్తాను. వేడి. రొట్టె జారిపోయింది. ట్రే అంచుతో నాన్న మొహం మీద కొట్టాను. కనుబొమ మీద చర్మం తెరుచుకుని రక్తం కంట్లోకి కారింది. ఆయన వెనక్కి తూలి ఫ్రిజ్‌ను పట్టుకున్నాడు. "నువ్వా?" అన్నాడు, నిజంగా తెలియనట్టు. కిందకి జారి కూర్చున్నాడు. ఇక లేచేలా లేడు. అప్పుడు నేను రెండోసారి కొట్టాను, తల మీద. మొదటి దెబ్బ అమ్మ కోసం. రెండోదానికి కారణం చెప్పమంటే నా దగ్గర లేదు. చేతులకు అది కావాలనిపించింది, అంతే. మూడోదానికి ఎత్తుతుంటే మేడమ్ నా నడుం చుట్టూ చేతులు వేసి లాగేసింది.

లిఫ్టులో అమ్మ విరిగిన చేతిని గుండెలకు ఆనించుకుని నిలబడింది. పాస్‌పోర్టు తడి తువ్వాలులో ఉంది. వీసా పేజీలో సగం లేదు.

ఎమర్జెన్సీలో ఉన్నది అమ్మతో పనిచేసే డాక్టరే. ఎలా తగిలిందని అడిగాడు. ఈసారైనా చెప్తుందనుకున్నాను.

"వంటింట్లో జారిపడ్డాను సార్," అంది.

మేడమ్ వాచిన పెదవితోనే అది అబద్ధమని అరిచింది. అమ్మ నావైపే చూస్తోంది. ఆవిడ బయటికి వెళ్ళాక నా చెవిలో అంది: "ఇప్పుడే ఫోనొచ్చింది, మీ నాన్న తలకి ఏడు కుట్లంట. వర్క్‌షాపు వాళ్ళు వేరే హాస్పిటల్‌కి తీసుకెళ్ళారంట. నేను నోరు విప్పితే వాడూ విప్పుతాడు. నువ్వు పోలీసుల్లో ఇరుక్కుంటే నేనెక్కడికి పోతానే?"

నాలుగో రోజు పాస్‌పోర్టు కోసం మన ఎంబసీకి వెళ్ళాం. అమ్మ కుడి చేతికి పిండికట్టు. కౌంటర్ వెనక ఒక నడివయసు ఆయన, తెలుగాయనే. కాలిన ముక్కను తిప్పి చూసి, ఎలా పాడైందో రాసివ్వాలని కాగితం ఇచ్చాడు. అమ్మ ఎడమ చేత్తో పెన్ను పట్టుకుని ఏమీ రాయకుండా కూర్చుంది. ఆయన కట్టు చూశాడు, నా పాదాల మీది బొబ్బలు చూశాడు.

"చూడండమ్మా," అన్నాడు మెల్లగా. "పొయ్యి మీద పడిపోయిందని రాస్తే ఈరోజే తీసుకుంటాను, కొత్తది తొందరగానే వస్తుంది. ఎవరైనా కాల్చారని రాస్తే పోలీసు కాగితం తేవాలి. టైం పడుతుంది. మీ ప్రయాణం తేదీ ఎప్పుడు?"

అమ్మ చెప్పింది. ఆయన తలూపాడు. "పడిపోయిందనే రాయండి మరి. దాంట్లో పెద్ద అబద్ధమేముంది?"

అమ్మ కాగితం మీదికి వంగింది. వంకర అక్షరాలతో, ఇంగ్లీషులో, 'నా పాస్‌పోర్టు' అని రాసి ఆగిపోయింది. ఆగింది నా కోసమని నాకు తెలుసు. పదిమందిలో నేను మాట్లాడను. వెనక లైన్లో మనుషులున్నారు.

"నాన్న కాల్చాడని రాయి," అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. కౌంటర్ ఆయన తల దించుకున్నాడు.

"ఊరుకోవే. తేదీ దాటిపోద్ది."

"దాటనీ. ఆ హాస్పిటల్‌కి మేడమ్ ఉత్తరం రాస్తానంది కదా, ఆగుతారేమో. ఆగకపోతే ఇంకో హాస్పిటల్."

"నీ సంగతో?"

"అది కూడా రాయి. నేను ట్రేతో కొట్టానని."

వెనకనుంచి ఎవరో హిందీలో విసుక్కున్నారు. అమ్మ మళ్ళీ వంగి ఒక్కో అక్షరం దిద్దినట్టు రాయసాగింది. భర్త అన్న మాట, గ్యాస్ పొయ్యి అన్న మాట, చెయ్యి విరిచాడన్న మాట. చివరి వరుసకు వచ్చి పెన్ను ఎత్తింది.

"ఒకసారి కొట్టావని రాస్తున్నా," అంది.

"రెండు."

"ఒకటి చాల్లేవే."

"రెండు రాయమ్మా," అన్నాను.

రాసింది. కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుంది. బయటికి వచ్చి టాక్సీ ఆపి పోలీస్ స్టేషన్ అని చెప్పాం.