అమ్మ అడిగిన జీర

మొన్న మా ఆడపడుచు పోయి ఏడాదైన రోజున, కుటుంబం వాళ్ళందరూ ఉండే ఫోను గ్రూపులో ఎవరో ఆవిడ గొంతు పెట్టారు. ఎప్పుడో ఎవరికో పంపిన వాయిస్ మెసేజి అది. వచ్చేటప్పుడు దారిలో కరివేపాకు తెమ్మనీ, పోయినసారిలాగా ముదురాకు తెస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపుతాననీ తన మామూలు దబాయింపుతో చెబుతోంది. అంతే, అందులో ఇంకేం లేదు. అది విని మావారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చుండిపోయారు, నేను వంటింట్లోకి వెళ్ళి లేని పని కల్పించుకున్నాను. పోయిన మనిషి కరివేపాకు గురించి మనల్ని ఇంకా కోప్పడుతూ ఉండటం ఎంత భాగ్యమో ఇప్పటి పిల్లలకి చెప్పినా ఎక్కదు. నా ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మనలో చాలామందికి తల్లిదండ్రుల ఫోటోలు ఒకటో రెండో మిగిలాయిగాని గొంతులు మిగల్లేదు.

మా నాన్న గొంతూ మిగల్లేదు. ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చి సికింద్రాబాదులో ఒక మిషన్ బడిలో తెలుగు మాస్టారుగా స్థిరపడ్డారు. బోయిగూడలో ఇరుకు సందులో మా వాటా. ఏళ్ళ తరబడి సుద్దపొడి మింగుతూ, వెనక బెంచీలకి వినపడేలా పద్యాలు చదువుతూ ఆయన గొంతుకి జీర పట్టింది. మామూలు మాటల్లో అది తెలిసేది కాదు. సాయంకాలం ఇంట్లో ప్రార్థన చేసుకునేటప్పుడు కీర్తన ఎత్తుకుంటే, పల్లవంతా నున్నగా సాగిపోయి, చరణం పైకి ఎక్కే చోట మాత్రం ఆ జీర పలికేది. చిన్నప్పుడు నాకు అది నచ్చేది కాదు, నాన్నకి దగ్గొస్తుందేమోనని భయపడేదాన్ని. అమ్మ మాత్రం సరిగ్గా ఆ చోట కళ్ళు మూసుకునేది.

నేను టైపిస్టుగా కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నాన్న పోయారు. ఏడాది తిరిగాక ఒక సాయంకాలం అమ్మ కూర తరుగుతూ తరుగుతూ కత్తిపీట పక్కకి జరిపేసింది. “మొహం ఫోటోలో ఉందే అమ్మాయ్. గొంతే పోతోంది. ఇందాకట్నించీ తలుచుకుంటున్నా, రావట్లేదు” అంది. ఏడవలేదు. వస్తువు ఎక్కడో పెట్టి మర్చిపోయినదానిలా గదంతా ఒకసారి కలయజూసింది. అవతల వసారాలో గిటారు తీగలు బిగిస్తున్న అన్నయ్య ఆ మాట విన్నాడు. వాడి చేతులు ఆగిపోవడం నాకు కనిపించింది.

అన్నయ్య పగలు ఒక ఆఫీసులో గుమాస్తా, సాయంకాలాలు పెళ్ళి విందుల్లో వాయించే చిన్న బ్యాండులో గిటారిస్టు. ఆ మధ్యే వాడి చేతికి ఒక పాత వాల్వుల ప్రీయాంప్ వచ్చింది. రైల్వే క్వార్టర్సులో ఉండే ఆంగ్లో ఇండియన్ పెద్దాయన ఒకరు కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ, మోయలేక అన్నయ్యకి ఇచ్చేశారు. గిటారుకీ స్పీకరుకీ మధ్య కూర్చునే పెట్టె అది. తీగల సన్నటి చప్పుడుని అందుకుని, దానికి కాస్త ఒళ్ళూ రంగూ ఇచ్చి ముందుకు పంపుతుంది. ఇనప రేకు పెట్టె, ముందువైపు వరసగా నాబ్‌లు, వాటి కింద రాతలు ఎన్ని చేతులు పడ్డాయో అరిగిపోయి ఉన్నాయి. స్విచ్చి వేశాక జాలీ వెనకాల వాల్వులు నెమ్మదిగా ఎర్రబడేవి. దాని వైరు తీసుకెళ్ళి మా పాత రేడియో వెనక, గ్రామఫోను కోసం పెట్టిన రంధ్రాల్లో గుచ్చేవాడు అన్నయ్య. కాసేపటికి గదిలో వేడెక్కిన దుమ్ము వాసన వచ్చేది. ఆ వాసన మీకూ తెలిసే ఉంటుంది, వాల్వు రేడియో ఉన్న ప్రతి ఇంట్లోనూ వార్తలకి ముందు వచ్చే వాసన అదే.

ఆ మర్నాటి నుంచీ అన్నయ్య నాన్న పాడే కీర్తనే వాయించడం మొదలుపెట్టాడు. ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. ఒక నాబ్ తిప్పితే గిటారు రేకు మీద మేకు గీసినట్టు కీచుమనేది, ఇంకోటి తిప్పితే బిందెలో మాట్లాడినట్టు గుమ్మనేది. పైగా ఆ పెట్టెకి ఉమ్మడి కుటుంబం లక్షణాలు ఉండేవి, ఒకదాన్ని సవరిస్తే మిగతావి అలిగి తమ పద్ధతి మార్చుకునేవి. అమ్మ గుమ్మంలో నిలబడి వినేది. శుభ్రంగా ఉందిగాని జీర లేదురా అనేది. జీర కోసం వాడు మొదటి నాబ్‌ని చివరిదాకా తిప్పితే గిటారు పల్లవి నుంచే గరగరలాడింది. “అది జలుబురా, జీర కాదు” అని అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

ఇక్కడ మావారి గురించి చెప్పాలి. అప్పటికింకా మావారు కాలేదు. రెజిమెంటల్ బజార్ కుర్రాడు, అన్నయ్య బ్యాండులో డ్రమ్స్ వాయించేవాడు, మా ఇంట్లో కాఫీ వేళకి ఠంచనుగా హాజరయ్యేవాడు. అమ్మ జీర జీర అనడం విని ఒకరోజు పాపం బుర్ర గోక్కున్నాడు. “ఏందమ్మా, సౌండ్‌ల జీరా ఏందీ? మనమేమన్న బగారన్నం వండుతున్నమా?” అన్నాడు. ఆయన ఊళ్ళో జీరా అంటే జీలకర్రే మరి. నాన్న పోయాక అమ్మ పైకి నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూనే గొంతులో జీర అంటే ఏమిటో పాడి చూపించబోయి, మధ్యలోనే ఆపేసింది. ఆయన నవ్వూ ఆగిపోయింది. ఆ క్షణాన నాకు ఆయన మీద మంచి అభిప్రాయం కలిగిందని ఇన్నేళ్ళలో ఆయనకి చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతారు. ఆ రోజు నుంచీ మాత్రం ఆ మొదటి నాబ్‌కి జీరా అనే పేరు స్థిరపడిపోయింది. “అన్నా, జెర జీరా తగ్గించు”, “జీరా సరిపోలే, ఇంకొంచెం ఎయ్” అంటూ వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే వీధిలోంచి వినేవాళ్ళు మా ఇంట్లో మగవాళ్ళే వంట చేస్తున్నారనుకునేవారు.

అన్నయ్యకి నెమ్మదిగా ఒక సంగతి పట్టుబడింది. జీర పెంచి ఉంచి, తీగని మెత్తగా మీటితే నున్నగానే పలుకుతుంది, గట్టిగా మీటినచోట మాత్రమే గరుకు తేలుతుంది. నాన్న గొంతూ అంతే కదా. అమ్మ ఇప్పుడు గుమ్మం దాటి గదిలోకొచ్చి కూర్చునేది. దగ్గరికొచ్చింది అనేది, ఇంకా రాలేదు అనేది. రైలు వచ్చిందా అని అడిగినట్టు మేం రోజూ ఆవిడ మొహంలోకి చూసేవాళ్ళం.

ఎండాకాలం వచ్చింది. ఆ రోజుల్లో ఎండాకాలపు సాయంత్రాలు బోయిగూడ ఎలా ఉండేదో గుర్తుందిగా. అందరూ ఒక్కసారిగా లైట్లూ ఫ్యాన్లూ కూలర్లూ వేసేసరికి వోల్టేజీ పడిపోయేది. బల్బు ఆముదం దీపంలా పసుపెక్కేది, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. అలాంటి ఒక సాయంత్రం, సందంతా కరెంటువాళ్ళని తిట్టుకుంటుంటే, అన్నయ్య ఆ కీర్తన వాయిస్తున్నాడు. పల్లవి అయింది. చరణం పైకి ఎక్కింది. అక్కడ గిటారు గొంతు కొంచెం నలిగి, కొంచెం ఊపిరి వదిలి, గరుకుగా, మెత్తగా పలికింది. అమ్మ పైట కొంగు తల మీదికి లాక్కుంది, ప్రార్థనప్పుడు నాన్న పాడటం మొదలుపెట్టగానే వేసుకునేది అలాగే. “అదేరా. ఇక దాన్ని ముట్టుకోకు” అంది. అన్నయ్య ఆ చరణాన్నే మళ్ళీ మళ్ళీ వాయించాడు. అమ్మ ఆ చీకటి వెలుగులో కళ్ళు మూసుకుని కూర్చుంది.

నేను పరుగున వెళ్ళి నా గోళ్ళరంగు తెచ్చి ప్రతి నాబ్ దగ్గరా చుక్క పెట్టాను. మర్నాడు పొద్దున్నే అవే చుక్కల దగ్గర పెట్టి వాయిస్తే జీర లేదు. ఎవరో కదిపారని అన్నయ్య నా మీద పడ్డాడు, నేను రెజిమెంటల్ బజార్ మీద పడ్డాను, ఆయన తల్లి మీద ఒట్టేశాడు. ఇంత విలువైన పెట్టె ఈ ఎగుడుదిగుడు కరెంటుకి ఎక్కడ కాలిపోతుందోనని హడలిపోయి అన్నయ్య చేసిన ఘనకార్యం ఏమిటంటే, దానికొక స్టెబిలైజరు తెచ్చి తగిలించడం. ఇంక ఆ గొంతు పూర్తిగా మాయమైంది. వాడు ఆకలీ నిద్రా మానుకుని నాబ్‌లు తిప్పుతుంటే అమ్మే వాడిని ఓదార్చేది. ఒక్కసారి వచ్చారు, చాల్లేరా అనేది. అలా అంటున్నప్పుడు ఆవిడ వాడి వైపు చూసేది కాదు.

ఆ స్టెబిలైజరు ఒకరోజు మూలబడింది, బాగుచేయడానికి ఇచ్చాం. ఆ సాయంత్రం పెట్టెని నేరుగా గోడ ప్లగ్గుకే తగిలించి వాయిస్తుంటే, బల్బు పసుపెక్కింది, చరణంలో జీర పలికింది. మావారు డ్రమ్ము పుల్లలు కింద పడేసి లేచారు. “అన్నా, నాబ్ కాదు, ఏం కాదు! లో వోల్టేజీ! కరెంట్ తక్కువైతెనే మాస్టర్‌సాబ్ వస్తుండు!” అని అరిచారు. వాల్వులకి కరెంటు చాలక నీరసపడితే అలా పలుకుతాయని తర్వాత ఎవరో చెప్పారులెండి. మాకు ఆ సమాచారం అక్కర్లేకపోయింది.

అప్పటి నుంచీ సందు సందంతా తిట్టుకునే వేళ కోసం మా ఇల్లు ఎదురుచూసేది. దీపాలు పెట్టే వేళకి అమ్మ పనులన్నీ ముగించుకుని, మొహం కడుక్కుని, బల్బు వైపు చూస్తూ కూర్చునేది. తెల్లగా వెలిగిందంటే ఆవిడ మొహం వాడిపోయేది. ఆ ఎండాకాలమూ, దాని తర్వాతి ఎండాకాలమూ మా నాన్న అలా వచ్చి వెళ్ళారు.

ఆ తర్వాత మా సందులోకి కొత్త ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది. ఎన్నాళ్ళుగానో పెద్దవాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి సాధించింది. కొబ్బరికాయ కొట్టారు, ఇంటింటికీ లడ్డూలు పంచారు. అన్నయ్య లడ్డూ చేత్తో పట్టుకుని అమ్మ వైపు చూశాడు. అమ్మ తన లడ్డూ విరిచి నోట్లో వేసుకుని, “పోన్లేరా, పిల్లలు చదువుకుంటారు” అంది. బడిపంతులు భార్య కదా. ఆ సాయంత్రం గది పెళ్ళివారిల్లులా వెలిగింది. అన్నయ్య గిటారు తియ్యలేదు. కీర్తన అమ్మే ఎత్తుకుంది. ఆవిడది సన్నటి గొంతు, పైకి ఎక్కాల్సిన చోట ఆగింది. మేమూ ఆగాం. తర్వాత తనే మెల్లగా కిందనుంచి పాడి ముగించింది.

వోల్టేజీ తగ్గించే పరికరం ఒకటి తర్వాత్తర్వాత అన్నయ్య ఎక్కడో సంపాదించి తెచ్చాడు. దానితో జీర వచ్చింది కూడా. అమ్మ విని, దగ్గరగానే ఉందిరా అంది. కొంగు మాత్రం తల మీదికి లాక్కోలేదు.

ఇప్పుడు అమ్మా లేదు, అన్నయ్యా లేడు. పెట్టె మా దగ్గరుంది. మావారు అప్పుడప్పుడు దుమ్ము దులిపి, వాల్వులు ఎర్రబడతాయో లేదో చూసి ఆర్పేస్తారు. కరెంటు దివ్యంగా ఉంది, పోయినా ఇన్వర్టరు ధర్మమా అని ఆ సంగతి మనకి తెలియనే తెలియదు. గొంతులు దాచుకోవడం చిటికెలో పని అయింది. మంచిదే, నేనేమీ ఆ ఉక్కపోతలు మళ్ళీ రావాలని కోరుకోవడం లేదు. కానీ ఒకటుంది. నాన్న గొంతు గుర్తు చేసుకుందామని కూర్చుంటే నాకు అన్నయ్య గిటారే వినిపిస్తుంది. ఎంత వెనక్కి వెళ్ళినా, బడిలో పద్యం చెబుతున్న నాన్నని కళ్ళ ముందుకి తెచ్చుకున్నా, ఆయన నోరు కదులుతుంది, గిటారు పలుకుతుంది. అది నిజంగా ఆయన గొంతేనా, లేక మేమంతా కలిసి ఆ పసుపు వెలుగులో తయారు చేసుకున్నదా అన్నది నేను తేల్చుకోలేను. ఆ మాట చెప్పగలిగింది అమ్మ ఒక్కతే, ఆవిడ ఉండగా అడగాలని తోచలేదు.