నా కడుపు సంగతి నాకే చెప్పలేదు

ఆ రోజు కరీంనగర్‌లో మా టైలరింగ్ షాపులో మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచాను. రెండు ముద్దలకే గొంతుదాకా నిండిపోయినట్టయింది.

మా వీధి చివరి డాక్టర్ పొట్ట మీద చెయ్యి కూడా పెట్టలేదు. "గ్యాసమ్మా, కారం తగ్గించు" అన్నాడు. తగ్గించాను. నా బరువూ తగ్గుతూ పోయింది. మళ్లీ వెళ్తే మళ్లీ అదే మాత్ర. మలం నల్లగా పడేదాకా ఎండోస్కోపీ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ వీధిలో నడిస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

హైదరాబాద్‌లో బయాప్సీ చేసి స్టమక్ క్యాన్సర్ అన్నారు. కొంత కీమో ఇచ్చి, ఆపరేషన్‌లో కడుపు చాలావరకు తీసేశారు. తీసిన ముక్కలో కొంత రీసెర్చ్‌కి ఇస్తారా అని అడిగితే ఒప్పుకున్నాను. నాలాంటి ఇంకొకరికి పనికొస్తుందనుకున్నాను.

ఆపరేషన్ తర్వాత మళ్లీ కీమో ఉండాలి. తేదీ దగ్గరపడ్డా ఇంట్లో కదలిక లేదు. మా ఆయన రాజేందర్ నా మొహం చూడటం మానేశాడు. ఒకరోజు మా ఆయన అన్న, మా బావ వచ్చి ముందు గదిలో అంటున్న మాట వంటింట్లో ఉన్న నాకు వినబడింది.

"ఇంకెందుకురా సూదులతోని సతాయించుడు? ఉన్నన్ని దినాలు ఆరాంగ ఉండనీ."

బయటికొచ్చాను. "నేను పోతనని ఎవ్వలు చెప్పిండ్రు?"

మా ఆయన ఏడ్చేశాడు. ఆసుపత్రిలో ఒక చిన్న డాక్టర్ తనను వరండాలోకి పిలిచి, "రీసెర్చ్‌కి ఇచ్చిన ముక్కలో లాంగ్ నాన్ కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ ఎక్కువుంది, ప్రోగ్నోసిస్ బాలేదు" అన్నాడట. అంటే ఏమిటో ఈయన అడగలేదు. నేనిక బతకననుకుని ఆసుపత్రికి ఫోన్ చేసి నా కీమో ఆపించాడు.

"నీకు ఫికర్ అయితదని చెప్పలే."

"కడుపు నాది. కోసింది నన్ను. నాకు చెప్పకుంట మీరిద్దరు ఫైసల చేస్తరా?"

మర్నాడే ఆసుపత్రికి వెళ్లాం. పెద్ద డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "కణాల్లో ఉండే కొన్ని రకాల ఆర్‌ఎన్‌ఏ ఎక్కువున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపిస్తోందమ్మా. ఇంకా రీసెర్చే. మీ ఒక్కరికి ఏమవుతుందో దాన్ని బట్టి చెప్పలేం. దాన్ని చూసి కీమో ఆపకూడదు."

"మరి నాకు చెప్పకుంట ఈయనకెందుకు చెప్పిండ్రు?"

పక్కనే ఉన్న చిన్న డాక్టర్ నేల చూశాడు. "మీరు తట్టుకోలేరేమోనని..."

"కడుపు కోస్తే తట్టుకున్న. మాటకు తట్టుకోనా?"

డాక్టరమ్మ సారీ చెప్పింది. అతను చెప్పలేదు.

కీమో ఆలస్యంగా మొదలైంది. కడుపు చాలావరకు తీసేయడంతో తిన్న వెంటనే చెమటలు, గుండెదడ. కీమోకి వేళ్లు మొద్దుబారి సూదిలో దారం ఎక్కేది కాదు. కోపంతో ఏడ్చాను. అయినా ఆపలేదు.

ఇప్పుడు కొంచెం కొంచెంగా చాలాసార్లు తింటున్నాను. వేళ్లు చాలావరకు నా మాట వింటున్నాయి. మొన్నటి స్కాన్‌లో ఏమీ లేదు. పూర్తిగా పోయిందని డాక్టరమ్మ అనలేదు, నేనూ అడగలేదు. మా ఆయన మీద కోపం తగ్గింది గానీ పోలేదు.

మీకు చెప్పేది ఒక్కటే. ఎవరైనా కొత్త టెస్ట్ పేరు చెబితే, "దీంతో నా ట్రీట్‌మెంట్ ఏమైనా మారుతుందా?" అని జబ్బుపడ్డ మనిషే అడగాలి. జవాబు కూడా ఆ మనిషే వినాలి. డాక్టర్ ఎదుట కుర్చీ ఒక్కటే ఉంటే, అందులో మీరు కూర్చోండి. మిగతావాళ్లు నిలబడతారు.