ఎడమచేతి కలం

యుద్ధం రోజులు. మొఘల్‌పురాలో మా వాకిట్లో సేఠ్ టాంగా ఆగిందంటే నాకు గుండె జారిపోయేది. ఆయనది అచ్చు అక్షరాలు పోత పోసే కార్ఖానా. మా బాపు ఒక్కో తెలుగు అక్షరాన్ని పెద్ద కాగితం మీద రాసిస్తే, దాన్ని చూసి అక్కడ ఉక్కు మీద చెక్కేవారు. ఆ పనే మాకు తిండి.

చలిజ్వరం వచ్చి తగ్గాక బాపు కుడిచెయ్యి వణకడం మొదలైంది. సేఠ్‌కు చెప్పలేదు. ‘అ’ నుంచి ‘ఠ’ దాకా నేనే రాసి, బాపు రాసినట్టు పంపాను. నాది ఎడమచేతి వాటం. వెదురు కలం మొనను బాపు ఒకవైపు ఏటవాలుగా కోసుకుంటే, నేను రెండోవైపుకు కోసుకునేదాన్ని. బాపు కలంతో తలకట్టు పైకి లేచేచోట సన్నబడేది. నా కలంతో అక్కడే లావయ్యేది. ఎవరు కనిపెడతారులే అని, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగింది.

సేఠ్ తేడా కనిపెట్టాడు. పైగా మెచ్చాడు. మెచ్చుకోలుకు కూడా భయపడాల్సి వస్తుందని అప్పుడే తెలిసింది.

“ఏం కొత్త కలం పట్టినవ్ పంతులూ? అక్షరాలు మస్తుగున్నయ్. నా కండ్ల ముంగట ఒక్క ‘డ’ రాయి, చూస్త,” అంటూ చాప మీద కూర్చున్నాడు.

తలుపు వెనక నిలబడి వింటున్నాను. ఈ పని పోతే రేపేం తింటాం? భయంలో బుద్ధి పనిచేస్తుందా? కలం నాదైతే గీత కూడా నాదే అవుతుందనుకుని, నా కలమే తెచ్చి బాపుకిచ్చి మళ్లీ తలుపు చాటుకెళ్లాను. ఏం తెలివి నాది!

ఆ మొన కుడిచేతికి ఎలా లొంగుతుంది? ఒక మూలే కాగితానికి ఆనింది. గీత చీలి సిరా కక్కింది. పైగా ఆ వణుకు.

సేఠ్ కలం తీసుకుని మొన తిప్పి చూశాడు. “గిది ఎడమచెయ్యి కలం. ఎవరిది?”

“నాదే, సేఠ్ సాబ్,” అన్నాడు బాపు. ఆ గొంతు వినలేకపోయాను.

“నాది,” అన్నాను బయటికొచ్చి.

“ఏదీ, రాయి మరి.”

రాశాను. ఎలా రాశానో నాకే తెలియదు. సేఠ్ కాగితాన్ని కిటికీ వైపు పట్టి చూశాడు.

“మిగిలినయ్ ఎప్పుడిస్తవ్ బిడ్డా?”

బాపును కాదు, నన్నే అడిగాడు. పని నిలిచింది. అయినా నా భయం తీరలేదు. బాపు ముఖంలోకి చూడాలంటే భయమేసింది.

బాపు కిటికీ కింద తన పీట మీంచి మెల్లగా లేచాడు.

“గీడ కూసో బిడ్డా. ఎలుతురు మంచిగుంటది,” అన్నాడు.