రిజిస్టరులో లేని కడుపునొప్పి

ఆ బడిలో ఆమె సొంత పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. పిల్లలకు ఆమె దూదత్త. మోకాలు చెక్కుకుపోయినా, చెయ్యి గీరుకుపోయినా, ఊరికే మొహం ముడుచుకుని వచ్చినా ముందు దూది చేతిలోకి తీసుకోవడం ఆమెకు అలవాటు. ఎప్పుడో ఒకటో తరగతి పిల్ల ఒకతి ఆ పేరు పెట్టేసింది. పెట్టిన పిల్ల బడి దాటి వెళ్లిపోయింది గానీ పేరు నిలిచిపోయింది. టీచర్లు కూడా చాటున దూదత్త అనే అంటారు, ఎదురుపడితే మాత్రం నర్సుగారంటారు. ఆమె నర్సు కాదు. ఆరు వారాలు ప్రథమ చికిత్స తరగతులకు వెళ్లి చివర్లో ఒక కాగితం తెచ్చుకున్న మనిషి. ఆ మాట ఆమె దాచనూ లేదు, చాటనూ లేదు.

మెట్ల పక్క నుంచి రెండో గది ఆమెది. రెండు ఇనప మంచాలు, వాటి మధ్య ఆకుపచ్చ తెర, అద్దాల బీరువా, నీళ్లు కాచే కెటిల్, ఎంత బిగించినా చుక్కలు రాల్చే కుళాయి. పదకొండేళ్లుగా ఆ గదిలో కూర్చుని ఆమె ఏ డాక్టరూ చదవని చదువు చదివింది. నిజం కడుపునొప్పి మనిషిని మాట్లాడనివ్వదు. లెక్కల పరీక్ష కడుపునొప్పి గంట కొట్టగానే మాయమైపోతుంది. మూడో రకం ఒకటుంది. అది కడుపులో ఉండదు, కానీ పిల్లలకు ఇంకెక్కడని చూపించాలో తెలియక కడుపే చూపిస్తారు. మూడింటికీ ఆమె ఇచ్చేది గోరువెచ్చటి నీళ్లు, వేడినీళ్ల సంచి, ఇరవై నిమిషాల మంచం. ఆ తర్వాత రిజిస్టరులో పేరు, తరగతి, టైము, బాధ ఏమిటో రాయాలి. ఒక్క నెలలో మూడుసార్లకు మించి వచ్చిన పిల్లల పేర్లు క్లాసు టీచరుకు వెళ్తాయి. టీచరు ఇంటికి ఫోన్ చేస్తుంది.

బడి వదిలాక ఆమె వెళ్లేది మేడ మీద ఒంటి గదికి. మూడేళ్ల కిందటి దాకా అక్కడ తల్లి ఉండేది. ఇద్దరూ రోజంతా పోట్లాడుకునేవాళ్లు, తువ్వాలు ఎక్కడ ఆరేశావని, దీపం ఎందుకు తీసేయలేదని. తల్లి పోయాక పోట్లాడటానికి కూడా ఎవరూ లేకుండా పోయారు. శనివారం మధ్యాహ్నం బడి గేటు దాటితే మళ్లీ సోమవారం పొద్దున దాకా ఆమె నోరు విప్పాల్సిన పని ఉండేది కాదు. సోమవారం మొదట వచ్చిన పిల్లతో మాట్లాడబోతే గొంతు బొంగురుగా వచ్చేది. జలుబు చేసిందా అత్తా అని అడిగేవాళ్లు పిల్లలు. అవునని చెప్పేది.

ఆరో తరగతి రెండు జడల పిల్ల మొదటిసారి వచ్చింది ఏడు నెలల కిందట, రెండో పీరియడ్‌లో. కడుపునొప్పి అంది. చెమటలు పట్టి ఉంది, చేతులు చల్లగా ఉన్నాయి. ఇరవై నిమిషాలు పడుకుని వెళ్లింది. రెండు రోజులాగి మళ్లీ వచ్చింది. వారం తిరిగాక మళ్లీ. అన్నిసార్లూ రెండో పీరియడే. నాలుగోసారి దూదత్త రిజిస్టరు తెరవగానే ఆ పిల్ల మంచం మీంచి లేచి వచ్చి మణికట్టు పట్టుకుంది.

"రాయకండి అత్తా. నాన్నకు ఫోనెళ్తుంది."

"వెళ్తే ఏమవుతుందమ్మా?"

"ఇంట్లో ఇప్పటికే ఎవరూ బాలేరు. నేను కూడా బాలేనంటే ఎలా?"

పదకొండేళ్ల పిల్ల నోట ఆ మాట వినేసరికి దూదత్త చేతిలో కలం ఆగిపోయింది. రిజిస్టరు మూసేసింది. ఆ పిల్ల పేరు కోసం అది మళ్లీ తెరుచుకోలేదు.

తర్వాతి రాకల్లో సంగతి కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. పిల్లను పెంచింది నాయనమ్మ. జడలు వేసేది ఆవిడ, పక్కలో పడుకోబెట్టుకునేది ఆవిడ. ఆవిడ పోయిన మర్నాడే మంచం, కళ్లజోడు, చెప్పులు అన్నీ ఇంట్లోంచి తీసేశారు. పిల్ల బెంగపెట్టుకుంటుందని ఆవిడ ఊసే ఎత్తకూడదనుకున్నారు.

"ఊరెళ్లిందనుకోమన్నారు," అంది పిల్ల, పైకప్పు చూస్తూ. "సరే అన్నాను. అమ్మ స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడుస్తుంది. వినపడనట్టు ఉంటాను."

ప్రేమ ఎక్కువై చేసిన పనులకు శిక్ష ఉండదు కాబట్టి మనుషులు వాటిని హాయిగా చేసేస్తుంటారు. దూదత్త ఆ ఇంటివాళ్లను మనసులో నాలుగు తిట్టింది. తను చేస్తున్నదీ అలాంటిదేనని అప్పటికి తట్టలేదు.

అలా వారానికి ఒకటి రెండుసార్లు ఆ పిల్ల వచ్చేది. నొప్పి సర్దుకున్నాక పది నిమిషాలు కబుర్లు. మీ ఇంట్లో ఎవరెవరుంటారని అడిగింది ఒకసారి. ఎవరూ ఉండరంటే, మరి రాత్రి కరెంటు పోతే భయం వేయదా అని అడిగింది. ఆ ప్రశ్న దూదత్తను మూడేళ్లలో ఎవరూ అడగలేదు. ఆ వారమే ఆమె రెండో మంచానికి ఇంటినుంచి మెత్తటి దిండు తెచ్చి వేసింది. పిల్ల రాని రోజున హమ్మయ్య, బాగుందన్నమాట అనుకోవాల్సింది పోయి తలుపు వైపు చూస్తూ కూర్చునేది. ఒకరి నొప్పి కోసం ఎదురుచూడటం ఏం బతుకని తనకే అనిపించేది. సిగ్గు వేసేది. అయినా మర్నాడు రెండో పీరియడ్ గంట కొట్టగానే కెటిల్ పెట్టేది.

ఇలా ఉండగా బడికి కౌన్సెలర్ మేడమ్ వచ్చింది. ఆటసామాన్ల గది ఖాళీ చేసి, దూదత్త గది గోడవతల ఆమెకు కుర్చీలు వేశారు. పిల్లల మనసు బాగోగులు చూసే ఉద్యోగమట. చిన్నది, ముప్పై నిండి ఉండవు. వచ్చిన రోజే ఆమె చేసిన మొదటి పని దూదత్త రిజిస్టరు అడిగి తీసుకోవడం.

"ఏ పిల్లకు ఏ బాధుందో ముందు తెలిసేది మీకేనమ్మా. మళ్లీ మళ్లీ వచ్చిన వాళ్లెవరో చూస్తే నాకు దారి దొరుకుతుంది," అంది.

రెండు రోజులు కూర్చుని, మూడుసార్లకు మించి వచ్చిన పదకొండు మంది పేర్లు రాసుకుంది. రెండు జడల పిల్ల పేరు అందులో లేదు. ఉండదు. దూదత్తకు మొదట వచ్చింది భయం కాదు, ఊరట. ఆ పదకొండు మందీ గోడవతలికి వెళ్తారు, ఈ ఒక్కతి నా దగ్గరే ఉంటుంది అనుకుంది. అనుకున్నానని తర్వాత తనే ఒప్పుకుంది.

ఆ శుక్రవారం పిల్ల మంచం మీద ఉంది. నొప్పి తగ్గి, కాళ్లు ఊపుతూ ఏదో చెబుతోంది. అంతలో తలుపు దగ్గర అటెండరు నిలబడ్డాడు, చేతిలో కాగితం.

"అక్కా, ఆరో తరగతి పిల్ల ఇక్కడికొచ్చిందా? టీచరుగారు చెప్పారు."

పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండు చేతులూ కడుపులోకి నొక్కుకుని గోడవైపు ముడుచుకుపోయింది. ఊపిరి అందక ఎగరొప్పుతూ ఒక్క మాటే అడిగింది.

"ఎవరు పోయారు?"

అటెండరు బిత్తరపోయాడు. "ఎవరూ పోలేదు తల్లీ. ఫొటోల రోజు మారింది, ఆ నోటీసు. నీ సంతకం ఒక్కటే మిగిలింది."

అతన్ని పంపేసి దూదత్త ఆ పిల్ల వీపు రాస్తూ కూర్చుంది. అరగంట పట్టింది ఊపిరి కుదుటపడటానికి. నాయనమ్మ పోయిన రోజు కూడా ఈయనే వచ్చాడని చెప్పింది పిల్ల. రెండో పీరియడ్‌లోనే, ఇలాగే కాగితం పట్టుకుని. సంచి తీసుకుని రమ్మన్నాడు. దారంతా ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇంటికెళ్లేసరికి గుమ్మం ముందు చెప్పులు, చెప్పులు, చెప్పులు. బడిలో నోటీసులన్నీ రెండో పీరియడ్‌లోనే తిరుగుతాయి. ఆయన అడుగుల చప్పుడు వినగానే పిల్లకు కడుపు మెలిపెడుతుంది.

ఏడు నెలలుగా వేడినీళ్ల సంచి పెట్టింది దూదత్త. ఎందుకు రెండో పీరియడే అని ఒక్కసారీ అడగలేదు. అడిగితే నొప్పి తగ్గిపోతుందేమోనని లోపల ఏ మూలో భయపడిందా? ఆ ప్రశ్న శని, ఆదివారాలు రెండూ ఆమె గదిలో ఆమెతోనే కూర్చుంది. చెబితే ఉద్యోగానికి ముప్పు, పైగా పిల్ల మొహం చూడదు. చెప్పకపోతే పిల్ల అలాగే ముడుచుకుపోతూ పెరుగుతుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని తల్లి అంటూ ఉండేది. పడితే పడిందిలే అనుకుంది.

సోమవారం, గొంతు బొంగురు తగ్గకముందే గోడవతలి గదిలోకి వెళ్లింది.

"మీ లిస్టులో ఒక పేరు తప్పిపోయింది మేడమ్. నేనే తప్పించాను."

అంతా విన్నాక కౌన్సెలర్ కలం కింద పెట్టింది. "ఎన్నిసార్లు వచ్చి ఉంటుంది?"

"ముప్పై దాటి."

"ఒక్కసారీ రాయలేదా?"

"మొదట మూడుసార్లు రాశాను. తర్వాత లేదు."

"ఎందుకమ్మా?"

"మొదట్లో పిల్ల కోసం. తర్వాత్తర్వాత..." దూదత్త చీర చెంగు వేలికి చుట్టుకుంది. "నా కోసం."

కౌన్సెలర్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఆ పని హెడ్మిస్ట్రెస్ చేసింది. ఒక కాగితం చేతికిచ్చి, ఇంకోసారి ఇలా జరిగితే మీ స్థానంలో వేరేవాళ్లను చూసుకోవాల్సి వస్తుందని చెప్పింది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నోటీసులు క్లాసులకు తిరగడం మాత్రం ఆ రోజుతో ఆగింది. ఇప్పుడు అన్నీ పొద్దున్నే స్టాఫ్‌రూములో టీచర్ల చేతికే ఇచ్చేస్తున్నారు. తల్లినీ తండ్రినీ పిలిపించారు. లోపల ఏం మాట్లాడుకున్నారో దూదత్తకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. తండ్రి బయటికొచ్చి వరండాలో చాలాసేపు చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడటం కిటికీలోంచి చూసింది.

మర్నాడు పిల్ల వచ్చింది. లోపలికి రాలేదు, గడప దగ్గరే ఆగింది.

"ఎవరికీ చెప్పరనుకున్నాను."

"నిజమేనమ్మా. చెప్పాను."

"మీరూ అందరిలాంటివాళ్లే."

దూదత్త దగ్గర సమాధానాలు లేకపోలేదు. నీ మంచికేనమ్మా అనొచ్చు. కానీ ఆ మాట ఆ పిల్ల ఇంట్లో ఇప్పటికే చాలామంది అని ఉంటారు. పిల్ల వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆ పిల్ల ఈ గది గుమ్మం తొక్కలేదు. మంగళవారం, శుక్రవారం గోడవతలికి వెళ్లేది, కిటికీ ముందు నుంచే, తల తిప్పకుండా. గోడకు చెవులుంటాయంటారు. ఆ గోడకు ఇవతల ఉన్నవి దూదత్త చెవులే. వినకూడదని తన కుర్చీని గదిలో ఈ చివరికి జరుపుకుంది. జరుపుకున్నాక కూడా కుర్చీ లాగిన చప్పుడు, తలుపేసిన చప్పుడు తెలుస్తూనే ఉండేవి. పిల్ల గొంతు వినిపించేది కాదు. నెల గడిచింది. రెండో మంచం మీద దిండు నలగకుండా అలాగే ఉంది. చెప్పి మంచిపని చేశానని తనకు తను రోజుకోసారి చెప్పుకునేది. మంచిపని చేసిన మనిషికి ఇంత వెలితిగా ఎందుకుంటుందో ఆమెకు అర్థమయ్యేది కాదు.

ఒక మంగళవారం ఒకటో తరగతి పిల్ల ముక్కులోంచి రక్తం కారుతూ వచ్చింది. దూదత్త ఆ పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి, తల ముందుకు వంచి, ముక్కు మెత్తగా నొక్కి పట్టుకుంది. అప్పుడు మొదలైంది గోడవతల ఏడుపు. వెక్కిళ్లు కాదు. గొంతు విడిచి, ఊపిరి తీసుకోవడానికి ఆగి, మళ్లీ గొంతు విడిచి ఏడ్చే ఏడుపు. మధ్యలో నాయనమ్మా నాయనమ్మా అన్న పిలుపు.

దూదత్త లేచింది. తలుపు దాకా వెళ్లింది. పరుగెత్తి వెళ్లి ఆ పిల్లను గుండెకు హత్తుకోవాలని ఒళ్లంతా కొట్టుకుంది. అక్కడ హత్తుకునే మనిషి వేరే ఉంది. వెనక్కొచ్చి, చిన్నపిల్ల ముక్కు మళ్లీ పట్టుకుంది.

"ఎవరత్తా ఏడుస్తుంది?" అంది పిల్ల, ముక్కు మూసుకుపోయిన గొంతుతో.

"ఒక అక్క. వాళ్ల నాయనమ్మ పోయింది."

"ఎప్పుడు?"

"చాలా నెలలైంది."

"మరి అప్పుడేడవలేదా?"

"ఏడవనివ్వలేదు."

"ఎవరు?"

దూదత్త తడిసిన దూది తీసేసి కొత్తది పెట్టింది.

"మేమే," అంది. "పెద్దవాళ్లం."